ఒకే అచ్చు కార్లు, ఒకే తూకం

విద్యార్థి సంఘం మిత్రులు ఈ సంచికకు ఏదైనా రాయమని అడిగి నెల దాటింది. "బరువైన సిద్ధాంతాలు వద్దు సార్, క్లాసులో చెప్పినట్టే రాయండి" అన్నారు. సరే, క్లాసులో చెప్పినట్టే రాస్తాను. అయితే పాఠంలోకి పోయేముందు ఈ విషయం మీద నాకు మోజు ఎట్లా పుట్టిందో కాస్త చెప్పుకోవాలి.

1990ల మొదట్లో నేను ఇక్కడే మెకానికల్ విద్యార్థిని. చిత్తూరులో నాకొక స్నేహితుడు ఉండేవాడు. మిట్టూరులో వాళ్ల నాయనకు మెకానిక్ షెడ్డు. వాడు పదో తరగతితో చదువు ఆపేశాడు గానీ, ఇంజను శబ్దం విని దాని జబ్బేమిటో చెప్పగలిగేవాడు. నాకు పుస్తకం వచ్చు, వాడికి పని వచ్చు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో కార్ల పందేలు జరుగుతున్నాయని విని, ఒక ఆదివారం తెల్లవారుజామున ఇద్దరం మద్రాసు బస్సెక్కాం. రాణిపేట, వాలాజా దాటేసరికి తెల్లవారింది.

అక్కడ కంచె పట్టుకొని నిలబడ్డాం. నేలమీద పాకుతున్నట్టుండే పొట్టి పొట్టి ఒంటిసీటు కార్లు గుంపుగా దూసుకొచ్చాయి. రంగులు తప్పితే అన్నీ ఒకే అచ్చు. మావాడు చెవి ఒగ్గి విని నా భుజం మీద ఒక్క చరుపు చరిచాడు.

"రేయ్, ఇది మన డాక్టరు గారి మారుతీ శబ్దమే గదరా!"

నిజమే. ఆ బక్క కార్ల వెనకభాగంలో అరుస్తున్నది 796 సి.సి. మూడు సిలిండర్ల మారుతీ 800 ఇంజను. మా ఊళ్లో డాక్టరు గారు సంతపేటకు మెల్లగా నడిపించుకుంటూ పోయే కారు గుండెకాయే అది. వాటిని ఫార్ములా మారుతీ కార్లు అంటారని ఆ రోజే తెలిసింది.

ఒకే అచ్చు పందెం అంటే ఏమిటి?

మన రాయలసీమ తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూసే ఉంటారు. ఎడ్ల పళ్లను బట్టి విభాగాలు చేస్తారు. ఒక విభాగంలో అన్ని జతలకూ బండ ఒకటే, లాగే సమయం ఒకటే. బండ బరువులో తేడా వస్తే ఊరు ఊరుకోదు. బండ ఒకటే అయినప్పుడే ఎద్దు సత్తువ తేలుతుంది.

ఒకే అచ్చు కార్ల పందెం, అంటే వన్-మేక్ రేసింగు, ఇదే న్యాయాన్ని తిరగవేస్తుంది. ఇక్కడ ఎడ్లన్నీ ఒకటే, తోలేవాడు మాత్రం వేరు. ఇంజను, చాసీ, టైర్లు, కనీస బరువు అన్నీ అందరికీ సమానం. ఓడినవాడు "వాడి బండి మంచిది" అనడానికి వీల్లేదు. ఈ పందెం పుట్టుకకు కారణం ఈ ఒక్క ముక్కలోనే ఉంది.

లోకంలో ఈ ఆలోచనకు మూలం పేదరికం అని చెప్పలేం గానీ, పొదుపు అని చెప్పవచ్చు. 1959లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఫోక్స్‌వాగన్ డీలరు హ్యూబర్ట్ బ్రండేజ్, బీటిల్ కారు విడిభాగాలతో ఇటలీలోని నార్డీ సంస్థ చేత ఒక ఒంటిసీటు పందెపు కారు కట్టించాడు. 1963 నాటికి అమెరికాలో ఫార్ములా వీ అనే తరగతి నిలబడింది. ఇంజను, గేరుపెట్టె, ముందు సస్పెన్షన్ అన్నీ వీధిలో తిరిగే బీటిల్‌వే. నిక్కీ లాడా, కేకే రాస్‌బర్గ్ వంటి ప్రపంచ విజేతలు తొలినాళ్లలో ఈ కార్లలో చెయ్యి తిప్పినవారే. 1967 జూలైలో ఇంగ్లండులోని బ్రాండ్స్ హాచ్‌లో ఫార్ములా ఫోర్డ్ మొదటి పందెం జరిగింది. కోర్టీనా కారు ఇంజను, మామూలు రోడ్డు టైర్లు, కారు ఖరీదు వెయ్యి పౌండ్లకు మించరాదన్న లెక్క. అయితే ఈ రెండింటిలోనూ ఇంజను ఒకటైనా చాసీ ఎవరైనా కట్టుకోవచ్చు.

ఇంకా కచ్చితమైనది కారంతా ఒకే ఫ్యాక్టరీ నుంచి వచ్చే పద్ధతి. 1979, 1980 సంవత్సరాల్లో బీఎండబ్ల్యూ ఎం1 కార్లతో ఫార్ములా వన్ వీరులను, ఇతరులను ఒకే బరిలోకి దింపారు. మొదటి ఏడు లాడా, రెండో ఏడు నెల్సన్ పికే గెలిచారు. 1995లో రెనో కంపెనీ స్పైడర్ అనే కారును లోకానికి చూపింది. అల్యూమినియం చాసీ, పైకప్పు లేదు, తొలి నమూనాకు ముందు అద్దం కూడా లేదు! రోడ్డు కారు బరువే సుమారు 930 కిలోలు. స్పైడర్లకు స్పైడర్లే పోటీగా ఐరోపాలో పందేలు నడిపారు. అవసరంలేనిది తీసివేయడం, మిగిలినది అందరికీ సమానంగా పంచడం. ఈ జాతి కార్లన్నిటికీ సూత్రం ఇదే.

షోలవరం నుంచి కోయంబత్తూరుకు

ఇక మన దక్షిణాది సంగతి. రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల దారి ఒకటి మద్రాసుకు ఉత్తరాన షోలవరంలో ఉంది. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ చాలాకాలం పందేలు అక్కడే నడిపింది. చూడటానికి జనం విరగబడేవారు. కానీ బరిలో సమానత్వం ఎక్కడిది? ఒకవైపు మహారాజులు, కోటీశ్వరులు తెప్పించుకున్న విదేశీ కార్లు. ఇంకోవైపు అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్ కార్లను విప్పి, చెక్కి, అతికించి తెచ్చుకున్న మనవాళ్లు. 1980ల తొలి ఏళ్లలో విజయ్ మాల్యా ఏకంగా ఎన్‌సైన్ అనే ఫార్ములా వన్ కారునే దేశానికి తెచ్చి నడిపాడు. ఇంటి దగ్గర కట్టుకున్న బండి దాని ముందు ఏం నిలుస్తుంది? డబ్బు సంచి బరువును బట్టి పందెం ఫలితం ముందే రాసిపెట్టినట్టుండేది.

ఈ పరిస్థితిని మార్చినవాడు కోయంబత్తూరు వాసి సుందరం కరివర్ధన్. మన విశ్వవిద్యాలయం పుట్టిన 1954లోనే ఆయనా పుట్టాడు. లక్ష్మీ మిల్స్ కుటుంబం వారిది. కోయంబత్తూరు నాయుడు కుటుంబాల గురించి మనవాళ్లు తెలుసుకోవాలి. విజయనగర కాలం నుంచీ దక్షిణానికి వలస పోయి స్థిరపడి, వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడే వారు. నూలు మిల్లులు పెట్టారు. మిల్లులకు మోటార్లు, పంపులు కావలసివచ్చి ఆ యంత్రాలూ అక్కడే చేసుకున్నారు. 1937లో దేశంలోనే తొలి విద్యుత్ మోటారు చేసిన ఘనత పొందిన జి.డి. నాయుడిది ఆ ఊరే. లేతు, ఫౌండ్రీ, వెల్డింగు వీధివీధినా ఉన్న ఊరు కాబట్టే పందెపు కారు అక్కడ పుట్టింది.

కరివర్ధన్ స్వయంగా షోలవరంలో పోటీ చేసినవాడు. డబ్బు ఉంది, వేగమైన కారు ఉంది. అక్కడితో ఆగి ఉంటే ఎవరూ తప్పుపట్టరు. కానీ కొత్తవాళ్లు రాకపోతే ఆట చచ్చిపోతుందని గ్రహించాడు. అప్పటికి మారుతీ 800 వచ్చింది. 1983 డిసెంబరులో మొదటి కారు తాళాలు చేతికిచ్చారు. కొద్ది ఏళ్లలో దాని విడిభాగాలు దొరకని ఊరు లేకుండా పోయింది. ఆ ఇంజనుతో ఆయన ఒక ఒంటిసీటు కారు రూపొందించి, ఒకే నమూనాలో కట్టించాడు. కాగితాల మీద దాని పేరు ఫార్ములా ఇండియా సింగిల్ సీటర్ మారుతీ ఇంజన్. జనం నోట ఫార్ములా మారుతీ.

ఇందులోని ఇంజనీరింగు తెలివి చూడండి. మారుతీ 800లో ఇంజను, గేరుపెట్టె కలిసి ఒకే ముద్దగా ముందుభాగంలో అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతాయి. ఆ ముద్దను అట్లాగే తెచ్చి డ్రైవరు వెనక పెడితే అది వెనక చక్రాలను తిప్పుతుంది. కొత్త గేరుపెట్టె అక్కర్లేదు, పొడవాటి షాఫ్టు అక్కర్లేదు. చుట్టూ ఉక్కు గొట్టాల చట్రం, పైన ఫైబర్‌గ్లాస్ తొడుగు. విదేశీ మారకం అడగని కారు అది.

చిన్న ఇంజను నేర్పే పాఠం

ఇప్పుడు నల్లబల్ల దగ్గరికి వద్దాం. "సార్, 39 అశ్వశక్తితో రేసేమిటి?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. లెక్క వేద్దాం.

తొలినాటి మారుతీ కారు, డ్రైవరు కలిపి సుమారు 720 కిలోలు అనుకుంటే, ఒక్కో అశ్వశక్తి 18 కిలోలకు పైగా మోయాలి. అదే ఇంజనును తేలిక చట్రంలో పెట్టి, డ్రైవరుతో కలిపి 400 కిలోలకు దించామనుకోండి. అశ్వశక్తికి 10 కిలోలే. ఇంజనులో ఒక్క మర ముట్టుకోకుండా బండి రెట్టింపుకు దగ్గరగా చురుకైంది. బ్రేకుల సంగతీ అంతే. గంటకు 108 కిలోమీటర్లు, అంటే సెకనుకు 30 మీటర్ల వేగంలో 720 కిలోల బండిలో 3,24,000 జౌళ్ల గతిశక్తి ఉంటుంది. 400 కిలోల బండిలో 1,80,000 జౌళ్లే. బ్రేకులు వేడిగా మార్చవలసింది ఆ మేరకు తగ్గింది.

వంపు దగ్గర ఇంకో విచిత్రం. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపులో టైరు పట్టు, అంటే ఘర్షణ గుణకం, 1 అయితే గరిష్ఠ వేగం సెకనుకు 22 మీటర్లు, గంటకు సుమారు 80 కిలోమీటర్లు. పట్టు 0.8కి తగ్గితే 71 మాత్రమే. ఈ లెక్కలో అశ్వశక్తి ఊసే లేదని గమనించండి! ఇద్దరికి వేర్వేరు టైర్లిస్తే పందెం వంపుల్లోనే తేలిపోతుంది. అందుకే ఒకే అచ్చు పందేల్లో టైర్ల నియమం అంత కఠినంగా ఉంటుంది.

అసలు పాఠం ఇక్కడుంది. డ్రైవరు వంపులో పొరపాటు చేసి 72 కిలోమీటర్ల వేగం నుంచి 60కి పడిపోయాడనుకోండి. 400 కిలోల బండికి ఆ పోయిన శక్తి సుమారు 24,400 జౌళ్లు. నష్టాలు వదిలేసి లెక్కవేస్తే, 300 అశ్వశక్తుల ఇంజను దాన్ని 0.11 సెకనులో తిరిగి ఇచ్చేస్తుంది. 39 అశ్వశక్తుల ఇంజనుకు 0.84 సెకను పడుతుంది. పెద్ద ఇంజను తప్పును దాచిపెడుతుంది. చిన్న ఇంజను తప్పుకు వడ్డీతో సహా వసూలు చేస్తుంది. సరైన గీత పట్టడం, బ్రేకు మెత్తగా వదలడం, వేగాన్ని కూడబెట్టుకోవడం చిన్న బండి మీదే అబ్బుతాయి. ఈత నేర్చుకున్నవాడికి బావి చాలు, సముద్రం అక్కర్లేదు.

ఇక సీలు సంగతి. చిత్తూరు బెల్లం మండీలో తూనికల శాఖ ముద్ర లేని రాయి పెడితే రైతు ఒప్పుకోడు. అట్లాగే ఇంజను మరలకు సీసపు ముద్ర వేస్తారు. పందెం అయ్యాక కార్లను ఎవరూ ముట్టుకోకుండా ఒకచోట నిలబెట్టి బరువు చూస్తారు, కొలుస్తారు, అనుమానం వస్తే విప్పుతారు. మనుషులంతా మంచివాళ్లని నమ్మి ఈ ఆట నడవదు. నమ్మకానికి ముద్ర కావాలి.

ఆ బరిలోంచి వచ్చినవాడు

ఈ కారు ఏం సాధించింది అని అడిగితే ఒక పేరు చెబుతాను. 1977లో పుట్టిన నారాయణ్ కార్తికేయన్ కోయంబత్తూరు కుర్రవాడే. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ కూడా ర్యాలీలు నడిపినవాడు. నారాయణ్ మొదటి పందెం శ్రీపెరుంబుదూరులో, ఫార్ములా మారుతీలో. తొలి పందెంలోనే మొదటి ముగ్గురిలో నిలిచాడు. 1992లో ఫ్రాన్సులోని విన్‌ఫీల్డ్ రేసింగ్ స్కూలుకు, ఆపైన ఇంగ్లండుకు పోయాడు. 1994లో బ్రిటిష్ ఫార్ములా ఫోర్డ్ వింటర్ సీరీస్ గెలిచాడు. 1996లో ఫార్ములా ఏషియా విజేత. 2005లో జోర్డన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో దిగిన మొదటి భారతీయుడయ్యాడు. డాక్టరు గారి కారు ఇంజనుతో మొదలైన దారి అక్కడిదాకా పోయింది.

కరివర్ధన్ అది చూడలేదు. 1995లో ఆకాశయాన ప్రమాదంలో నలభై ఒక్క ఏట కన్నుమూశాడు. 2003లో కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో తెరిచిన 2.1 కిలోమీటర్ల పందెపు దారికి ఆయన పేరే పెట్టారు. దేశంలోని ఇంజనీరింగు విద్యార్థులు స్వయంగా కట్టిన కార్లు పోటీపడే ఫార్ములా భారత్ కూడా ఆ దారి మీద జరుగుతూ వచ్చింది. ఫార్ములా మారుతీ తరువాత వచ్చిన ఎల్‌జీబీ ఫార్ములా కార్లూ కోయంబత్తూరువే, వాటిలోనూ మారుతీ ఇంజనే.

గేటు దగ్గర ఆగినవాడు

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే అది సగం పాఠం.

ఆ ఆదివారం పందెం ముగిశాక మావాడు కంచె సందులోంచి ఒక మెకానిక్‌ను పలకరించాడు. చిత్తూరు వాళ్లకు అరవం కొత్త కాదు గదా. "అన్నా, ఒక కారు ఎంతవుతుంది నా?" అన్నాడు. ఆయన మర్యాదగానే చెప్పాడు. ఆ మొత్తం మావాడి షెడ్డుకు రెండేళ్ల రాబడి. ఆపైన టైర్లు, పెట్రోలు, లారీ బాడుగ, ప్రవేశ రుసుము. మావాడు తలూపి ఊరుకున్నాడు. తిరుగు బస్సులో రాణిపేట దాకా మాట్లాడలేదు. తరువాత ఒక్కటే అన్నాడు: "బండ్లన్నీ ఒకటే చేసినారు రా. లోపలికి పొయ్యే గేటు మాత్రం ఒకటి చెయ్యలేదు."

ఇన్నేళ్లయినా ఆ మాటకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కరివర్ధన్ గేటును కొంత వెడల్పు చేశాడు. మహారాజులకు మాత్రమే పట్టే గేటులో మధ్యతరగతి కుర్రవాళ్లు దూరగలిగారు. మిట్టూరు షెడ్డు కుర్రవాడికి అది ఇంకా ఇరుకే. సమానమైన యంత్రం సగం న్యాయం. మిగతా సగం, ఆ యంత్రం మీద ఎవరు కూర్చుంటారన్నది.

2022 నవంబరులో హైదరాబాదు హుస్సేన్ సాగర్ ఒడ్డున వీధులనే బరిగా చేసి ఇండియన్ రేసింగ్ లీగ్ పెట్టినప్పుడు ఈ మాట మళ్లీ గుర్తొచ్చింది. అక్కడికి తెచ్చినవీ ఒకే అచ్చు తేలిక కార్లే. ఇటలీకి చెందిన వుల్ఫ్ కంపెనీ జీబీ08 థండర్. అప్రిలియా మోటారుసైకిల్ వంశపు 1.1 లీటరు ఇంజను, సుమారు 220 అశ్వశక్తి. ప్రతి జట్టులోనూ ఒక మహిళా డ్రైవరు ఉండాలన్న నియమం పెట్టారు. గేటు ఒకవైపు తెరిచిన నియమం అది, మెచ్చుకోవలసిందే. కానీ కారు మాత్రం కొనుక్కొచ్చినది. కొన్న కారు మనవాళ్లకు నడపడం నేర్పుతుంది. కట్టిన కారు నడపడమూ, కట్టడమూ నేర్పుతుంది. ఫార్ములా మారుతీ వేగంలో దీనికి సాటిరాదు. అయినా అది వెల్డరును, ఫిట్టరును, డిజైనరును తయారుచేసి పోయింది.

మన షెడ్డులో

చివరగా మన ఇంటి సంగతి. పోయిన ఏడాది మన వర్క్‌షాపు వెనక షెడ్డులో పిల్లలు చందాలు వేసుకొని ఒక చిన్న బండి కట్టారు. కట్టేదాకా సఖ్యంగా ఉన్నారు. నడిపేది ఎవరన్న దగ్గర పేచీ వచ్చింది. చందా ఎక్కువ ఇచ్చినవాళ్లే నడపాలని కొందరు, వెల్డింగు చేసినవాళ్లే నడపాలని కొందరు. వ్యవహారం నా గదికి వచ్చింది.

నేను వాళ్లకు ఈ కథంతా చెప్పలేదు. ఒక స్టాప్‌వాచ్ చేతికిచ్చాను. "ఒకే బండి, అవే టైర్లు, ట్యాంకులో అంతే పెట్రోలు. కావాలన్న ప్రతివాళ్లకూ మూడు చుట్లు. చందా ఇచ్చారా లేదా అని అడగొద్దు. తేలికైనవాళ్ల సీటు కింద ఇసుక మూట పెట్టండి, అందరి బరువూ ఒకటి కావాలి" అన్నాను. మైదానంలో సున్నంతో గీత గీశారు. ఇరవై ముగ్గురు నడిపారు.

మొదటి స్థానం అందరికన్నా ఎక్కువ చందా ఇచ్చిన కుర్రవాడికే వచ్చింది. రెండోది పలమనేరు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయికి వచ్చింది. ఒక్క రూపాయి ఇవ్వలేకపోయానని ఆమె అంతకుముందు జట్టులో పేరే రాయించుకోలేదు. తేడా సెకనులో పదో వంతు. ఇద్దరినీ డ్రైవర్లుగా తీసుకున్నారు. ఆ తరువాత ఎవరూ నా గదికి రాలేదు. తూకం సరిగా ఉన్నప్పుడు పంచాయితీ అక్కర్లేదు.

మిట్టూరు స్నేహితుడు ఇప్పటికీ షెడ్డు నడుపుతున్నాడు. మన బండి కార్బొరేటరు పట్టుకొని పిల్లలు పోతే, పైసా తీసుకోకుండా సరిచేసి పంపాడు. ఈ ఏడాది బండి పరీక్షించే రోజున మైదానానికి రమ్మని పిలిచాను. మూడు చుట్లు వాడికీ ఉన్నాయి. వస్తానన్నాడు.